ఆరో వీధి గేటు

ఇండియానా రాష్ట్రంలో మెర్డన్ అనే చిన్న నగరం. ఉదయం. ఆరో వీధి రైల్వే గేటు దగ్గర పట్టాల మధ్య, కార్లకి దారి వదిలి, మడత కుర్చీ వేసుకుని కూర్చున్న డెబ్బై నాలుగేళ్ళ వెర్నా కూబియాక్. పక్కన నిలబడి పోలీసు సార్జెంట్ డ్వేన్ పర్విస్.

"అది కాదు మిస్ వెర్నా. ముందు లేవండి. లేచి మాట్లాడుకుందాం."

"కూర్చునే మాట్లాడతాను. లేస్తే నా మోకాళ్ళు మాట్లాడతాయి. వాటి నోరు నాకంటే పెద్దది."

"కుర్చీ నేను అటు రోడ్డు పక్కన వేస్తాను. అక్కడ ఎండ కూడా తగలదు."

"నీడ కోసం వచ్చానా నేను?"

"మరి దేనికొచ్చారు?"

"కాఫీ తాగడానికి. ఫ్లాస్కులో ఇంకా ఉంది. పొయ్యనా?"

"మిస్ వెర్నా, గూడ్సు బండి వస్తోంది."

"రావట్లేదు. ఆగింది. అదిగో, మొక్కజొన్న చేల మధ్య దీపం వెలుగుతోంది చూడు. చేతులు కట్టుకుని నిలబడింది, బుద్ధిమంతుడిలా."

"మీరిక్కడ కూర్చున్నారని ఆగింది."

"అదే నేనూ అంటున్నది. మూడేళ్ళ నుంచి ఊరంతా మొత్తుకుంటే ఊరి బయట ఆగని బండి, ఒక ముసలిది కుర్చీ వేసుకుంటే ఆగింది."

"ఆగకపోతే? డ్రైవర్ చూసుకోకపోతే? అప్పుడేం చేసేవారు?"

"చూసుకోకపోవడమేంటి, ముందే ఫోన్ చేశాగా. ఈ స్తంభానికి నీలం బోర్డు లేదూ, ఇక్కడ ఏదైనా ప్రమాదమైతే ఫలానా నంబరుకి చెప్పండి అని? ఆ నంబరుకే. ఆరో వీధి గేటు దగ్గర పట్టాల మీద మనిషి ఉంది, బండి ఆపండి అన్నాను. ఎవరండీ ఆ మనిషి అన్నారు. నేనే అన్నాను."

"దేవుడా."

"పాపం, మర్యాదగానే మాట్లాడారు. గేటుకి అడ్డంగా బండి పెట్టి పోయారు, తియ్యండి బాబూ అని ఇదే నంబరుకి ఎన్నిసార్లు చేశాం? పాట వినిపించేవాళ్ళు. పాట అయిపోగానే ఫోన్ పెట్టేసేవాళ్ళు. ఇవాళ మొదటి మోతకే ఎత్తారు."

"చీఫ్ నన్ను నమిలేస్తాడు. గేటు ఉన్నపళంగా ఖాళీ చేయించమన్నాడు."

"ఖాళీగానే ఉందిగా. కార్లు ఎంత హాయిగా పోతున్నాయో చూడు. ఆ ఎర్ర కార్లో పిల్ల నీకు చెయ్యి ఊపింది. ఊపవేం? అందరూ పోతున్నారు, ఒక్క గూడ్సు తప్ప. రోజూ అది కూర్చునేది, మనం ఆగేవాళ్ళం. ఇవాళ వంతు మారింది."

"వంతులేసుకోవడానికి ఇదేం ఆటా?"

"కాదు. ఆట కాదు. నిన్న ఆ చిన్నపిల్ల మారిసోల్‌కి ఏమైంది?"

"మీకు తెలుసుగా."

"నాకు తెలుసు. నీకు తెలుసా అని."

"రిపోర్టు రాసిందే నేను."

"రాసింది వదిలెయ్. నోటితో చెప్పు."

"మిస్ వెర్నా, ఇప్పుడదంతా..."

"చెప్పు."

"బడికి పోతూ, గేటుకి అడ్డంగా ఆగి ఉన్న బండి కిందనుంచి దూరింది. సగం దూరేసరికి బండి కదిలింది."

"కదిలితే?"

"సంచి పట్టీ దేనికో తగులుకుంది. వెనకున్న పిల్లలు కాళ్ళు పట్టుకుని లాగేశారు. బయటపడింది. దెబ్బలేం లేవు."

"బూటు?"

"అవును. ఒక బూటు పోయింది."

"పోలేదు. వాళ్ళ నాన్న ఓర్టెగా ఏరి తెచ్చుకున్నాడు. అతని టైర్ల షాపుకి వెళ్ళి చూడు, బల్ల మీద ఉంటుంది. అట్టముక్కలా ఉంది. ఆ మనిషి దాని పక్కనే నుంచుని ఎవరిదో టైరుకి గాలి కొడుతున్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, చెయ్యి మాత్రం ఆపట్లేదు. నేను పలకరించలేకపోయాను డ్వేన్. ఏమని పలకరించను?"

"ఆ పిల్ల అసలు దూరకూడదు. ఏటా బడికి వెళ్ళి నేనే చెప్తాను, దూరకండర్రా, దూరకండర్రా అని."

"దూరకపోతే? బడి అటు, ఇళ్ళు ఇటు. ఆసుపత్రి అటు. మందుల షాపు అటు. పాలు, రొట్టె కొనాలంటే అటు. ఇటేముంది? మూతపడ్డ సీసాల ఫ్యాక్టరీ, శ్మశానం, మనం."

"చర్చి ఉంది."

"ఉంది. దేవుడు కూడా ఇటే ఇరుక్కుపోయాడు."

"కౌంటీ రోడ్డు మీద వంతెన ఉందిగా. చుట్టూ తిరిగి..."

"కారున్నవాళ్ళకి. మారిసోల్ కారు నడపదు. దానికి తొమ్మిదేళ్ళు."

"నాకు మాత్రం తెలియదనుకున్నారా? ఊరి తరఫున ఆ కంపెనీకి జరిమానాలు రాసింది ఎవరు? నేనే. రాసీ రాసీ చెయ్యి నొప్పి పుట్టింది. ఏమైంది? పెద్ద కోర్టు కొట్టేసింది. రైళ్ళ మీద ఊళ్ళకి అధికారం లేదట, అంతా వాషింగ్టన్‌దేనట..."

"వాషింగ్టన్ ఎక్కడ, మనమెక్కడ?"

"దూరమే. చంద్రమండలం అనుకోండి. మనకి లేదట. అది సంగతి."

"అందుకే నేను అధికారం తీసుకురాలేదు. కుర్చీ తెచ్చుకున్నాను."

"మీ ఆయన రే గారుంటే మిమ్మల్నిలా..."

"రే పేరెత్తకు."

"రైళ్ళంటే ప్రాణం పెట్టేవారు ఆయన. వసారాలో కూర్చుని బోగీలు చూస్తూ..."

"పెట్టాడుగా ప్రాణం. నిజంగానే పెట్టాడు. ఇదిగో, ఇక్కడే. అంబులెన్సులో, బండి అడ్డం ఉంటే ఇదే గేటు దగ్గర."

"... నా ఉద్దేశం అది కాదు."

"నీ ఉద్దేశం నాకు తెలుసులే. ఆ రోజు నువ్వున్నావు."

"ఉన్నాను."

"బండి చివర ఎక్కడుందో చూస్తానని పరిగెత్తావు."

"పరిగెత్తాను."

"కనబడిందా?"

"లేదు."

"మీ నాన్న చిన్నప్పుడు కూడా నువ్వంతే. అంటే నీ చిన్నప్పుడు. చూడు, మాట కూడా తడబడుతోంది. బడిలో మధ్యాహ్నం భోజనం వడ్డించేదాన్ని కదా, నన్ను మిస్ వెర్నా అనడం మీకు అప్పటి అలవాటే. శుక్రవారం పిజ్జా రెండో ముక్క నీ పళ్ళెంలో దాచి పెట్టేదాన్ని. ఎందుకో తెలుసా? నువ్వు అడిగేవాడివి కాదు. వరసలో చివర నుంచుని చూసేవాడివి. అడగని పిల్లల్ని చూస్తే నాకు ఒళ్ళు మంట."

"ఆ పిజ్జా బాకీ ఇలా తీర్చమంటున్నారా? ఉద్యోగం పోగొట్టుకుని?"

"ఛ. పిజ్జాకి బాకీ ఏంటి. అదిగో, ఎవరో నడిచొస్తున్నారు. నారింజరంగు కోటు."

"బండి డ్రైవరు అయ్యుంటాడు. మీరు కాసేపు నోరు... మిస్ వెర్నా, కాసేపు నన్ను మాట్లాడనివ్వండి."

"మాట్లాడు. నీ నోరు నేను పట్టుకున్నానా?"

"ఏవండీ డ్రైవరు గారూ, నేను సార్జెంట్ పర్విస్. మీరు మళ్ళీ ఇంజను దగ్గరికి..."

"ఈవిడేనా? పట్టాల మీద మనిషంటే ఈవిడేనా?"

"నేనే నాయనా. నీ పేరు?"

"క్లైడ్. ఆ బండి నడిపేది నేను. ఏమ్మా, మీకు పిల్లలూ మనవలూ ఎవరూ లేరా?"

"ఉన్నారు."

"మరి వాళ్ళ మొహం చూసైనా ఈ పని ఎలా చేశారు? ఆ బండి బ్రేకు వేస్తే ఆగేది కాదు. వేశాక మైలు దాకా పోతుంది. రెండేళ్ళ కింద ఒకతను ఇలాగే, మధ్యలో నుంచున్నాడు. నేను హారన్ కొడుతూనే ఉన్నాను. కొడుతూనే ఉన్నాను. అతను నా వైపే చూశాడు. ఇవాళ రేడియోలో పట్టాల మీద మనిషి అని చెప్పగానే... మళ్ళీ అతని మొహమే కనబడింది."

"తప్పయింది నాయనా. బండి గురించే ఆలోచించాను. లోపల మనిషి ఉంటాడని ఆలోచించలేదు."

"ఎవరూ ఆలోచించరు."

"డ్వేన్, ఆ ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి ఇతనికివ్వు. చక్కెర ఎక్కువే వేశాను. తాగు క్లైడ్. నీ మీద నాకేం కోపం లేదు."

"నా మీద అందరికీ కోపమే. గేటు దగ్గర ఆపితే జనం కిటికీ మీద రాళ్ళేస్తారు. నేనేదో సరదాకి ఆపినట్టు."

"మరెందుకు ఆపుతారు, మా నెత్తిన?"

"ఆపమంటారు, ఆపుతాం. ముందున్న యార్డులో, అదే బండ్లు నిలిపే చోట, ఖాళీ ఉండదు. మునుపు బండి ఇంత పొడుగు లేదు. ఇప్పుడు రెండు బండ్లు కలిపి ఒకటి చేశారు. తల యార్డు దగ్గరుంటే తోక మీ ఊళ్ళో ఉంటుంది. ఈలోగా నా డ్యూటీ అయిపోతుంది, దిగిపోవాలి. నా బదులు ఇంకొకడు వచ్చేదాకా అదక్కడే."

"ఇవాళ చేలల్లో ఆపావుగా. రోజూ అలాగే ఆపొచ్చుగా?"

"ఆపితే వెనక బండి ఆలస్యం. ఆలస్యమైతే పైవాళ్ళకి కడుపు మంట."

"అది కాదు నేనడిగింది. ఆపొచ్చా, ఆపకూడదా?"

"ఆపొచ్చు."

"విన్నావా డ్వేన్? ఆపొచ్చట."

"విన్నాను. ఆగండి, ఫోన్ మోగుతోంది. ఆ, చీఫ్. ఇక్కడే ఉన్నాను. లేదు, ఇంకా లేవలేదు. ఎవరు? సరే, కలపండి. మిస్ వెర్నా, రైలు కంపెనీ ఆఫీసు నుంచి. మిస్టర్ హాలోరన్ అట, మీతో మాట్లాడతారట."

"స్పీకర్లో పెట్టు. నేను చెవిటిదాన్ని."

"మీరు చెవిటివారు కాదు."

"ఇవాళ అయ్యాను."

"సరే, పెట్టాను. చెప్పండి హాలోరన్ గారూ, ఆవిడకిస్తున్నాను."

"మిసెస్ క్యూబిక్, నమస్తే. నేను హాలోరన్‌ని."

"కూబియాక్."

"క్షమించండి. మిసెస్ కూబియాక్, మీ ఆవేదన మాకు అర్థమైంది."

"ఏం అర్థమైంది?"

"మీ... ఆవేదన."

"మెర్డన్ ఎప్పుడైనా వచ్చారా మీరు?"

"మీ మీదుగా చాలాసార్లు విమానంలో వెళ్ళాను."

"మీ బండ్లూ అంతే. మా మీదుగానే."

"అది... చూడండి, మీ ఊరికి ఏదైనా మంచి చేద్దామని మా కోరిక. పిల్లల పార్కుకి కొత్త ఉయ్యాలలు. బడిలో బాస్కెట్‌బాల్ కోర్టుకి కొత్త చెక్క నేల."

"ఉయ్యాలలు ఎటు పెడతారు?"

"పార్కులోనేనండీ."

"పట్టాలకి ఎటు వైపు?"

"అది... కనుక్కుని చెప్తాను."

"కనుక్కోండి."

"పోనీ మీ సంగతి చెప్పండి. ఈ వయసులో మీకీ ఇబ్బంది ఎందుకు? పట్టాల అవతల ఆసుపత్రి పక్కనే మంచి ఇల్లు చూసుకోండి. లేదూ, ఇంకా పెద్ద ఊరికి పోదామన్నా సరే. మారే ఖర్చు మాది. నిజం చెప్పాలంటే ఆ ఊళ్ళో ఇంకా ఏముందండీ?"

"ఏముందా? చెప్తాను, రాసుకోండి. నేను జారిపడి మంచమెక్కితే సాయంత్రానికి మా ఇంటికి ఎవరెవరు ఏం వండి తెస్తారో నాకిప్పుడే తెలుసు. పక్కింటి బెట్టీ తెచ్చేదాన్లో ఉప్పెక్కువ, అయినా తింటాను. మంచు పడితే నేను లేవకముందే నా గుమ్మం ముందు ఎవడో పారతో ఎత్తేసి పోతాడు. ఎవరని అడిగితే ఎవడూ ఒప్పుకోడు. ఇక్కడ నేనంటే గిట్టనివాళ్ళున్నారు, వాళ్ళకి ఎవరూ పిలవని నా మధ్య పేరు కూడా తెలుసు. సీసాల ఫ్యాక్టరీ పోయింది, పోలేదనను. సినిమా హాలు పోయింది. బస్సు పోయింది. మిగిలింది మేం. పోయినవాళ్ళు పోగా మిగిలినవాళ్ళం కాదు బాబూ, ఉంటామని ఉన్నవాళ్ళం. నన్ను అటు మారుస్తారు సరే. మారిసోల్‌ని ఎవరు మారుస్తారు? టైర్ల షాపుని? చర్చిని? శ్మశానంలో మా ఆయన్ని?"

"మిసెస్ కూబియాక్..."

"లేవను."

"సరే. ఫోన్ సార్జెంట్‌కివ్వండి."

"చెప్పండి, నేనే. ఆవిడ లేవకపోతే నేను అరెస్టు చెయ్యాల్సి వస్తుంది."

"వద్దు, వద్దు. అరెస్టు మాత్రం వద్దు."

"మీ పట్టాల మీద కూర్చున్నారు కదా. మీరు ఫిర్యాదు ఇస్తే..."

"ఫిర్యాదు లేదు. ఇవ్వం. పెద్దావిడ, పాపం."

"పోయిన వేసవిలో గాలాలు పట్టుకుని పట్టాల మీద నడిచిన కుర్రాళ్ళ మీద ఇచ్చారుగా?"

"అది వేరు."

"ఎలా వేరండీ? నాకు తెలియక అడుగుతున్నా."

"చూడండి సార్జెంట్, మనలో మాట. అరెస్టు అంటే కేసు. కేసంటే మీ ఊరి కోర్టు, మీ ఊరి జ్యూరీ. ఆవిడ బోనెక్కి ఎందుకు కూర్చుందో చెప్పుకుంటుంది. మావాళ్ళు వచ్చి, ప్రమాణం చేసి, ఏ బండి ఎక్కడ ఎంతసేపు ఆగిందో చెప్పాలి. ఆ డ్రైవరుని కూడా పిలుస్తారు. టీవీవాళ్ళొస్తారు. ఆ జరిమానాల గొడవ చల్లారిందిప్పుడే. మళ్ళీ ఎందుకు? కుర్చీతో సహా ఎత్తి నెమ్మదిగా పక్కన పెట్టేయండి. ఏమీ జరగనట్టు."

"ఏమీ జరగనట్టు."

"అంతే."

"సరేనండీ. విన్నాను. ఉంటాను."

"పెట్టేశాడా?"

"పెట్టేశాడు మిస్ వెర్నా."

"ఏమీ జరగనట్టట. మూడేళ్ళుగా వాళ్ళు చేసేది అదేగా."

"చీఫ్ మెసేజ్ కూడా వచ్చింది. ఎత్తెయ్, కాగితం మీద ఏమీ ఉండకూడదు అని."

"ఎత్తెయ్ అయితే. నిన్ను తిట్టి లాభమేముంది. నువ్వు కాకపోతే ఇంకొకణ్ణి పంపుతాడు, వాడు నా చెయ్యి విరుస్తాడు. కానీ చెప్తున్నా విను. రేపు మళ్ళీ వస్తాను."

"రేపు మళ్ళీ ఎత్తమంటారు."

"ఎల్లుండి వస్తాను."

"ఎల్లుండీ ఎత్తమంటారు."

"ఎత్తండి. మీ నడుములు పడిపోవాలి, నా కుర్చీ అరిగిపోవాలి. ఎవరు ముందో చూద్దాం. పట్టుకో ఆ చెయ్యి. గట్టిగా కాదు."

"సార్జెంట్, ఒక వైపు నేను పట్టనా? పెద్దావిడ, ఒక్కరివల్ల కాదేమో."

"ఆగు క్లైడ్. కుర్చీ ముట్టుకోకు."

"ఏం?"

"అది సాక్ష్యం."

"సాక్ష్యమేంట్రా డ్వేన్?"

"మిస్ వెర్నా, ఇనప పట్టాలు కంపెనీవి. వాటి మధ్య పోసిన తారు ఎవరిది?"

"నాకేం తెలుసు. ఊరిది కాబోలు."

"ఊరిదే. ఇది ఆరో వీధి. మీ కుర్చీ నాలుగు కాళ్ళూ తారు మీద ఉన్నాయి. వీధిలో కుర్చీ వేసుకుంటే కంపెనీ ఫిర్యాదు అక్కర్లేదు. నాది చాలు."

"ఒరేయ్. ఆ హాలోరన్ వద్దన్నాడుగా."

"అందుకే. అంత గట్టిగా ఎందుకు వద్దన్నాడో విన్నారుగా మీరు కూడా."

"విన్నాను. చెవిటిదాన్ని కాదుగా. డ్వేన్, నీ ఉద్యోగం పోతుంది."

"పోతే పోయింది. ఊరు వదిలి మాత్రం పోను."

"మీ చీఫ్..."

"చీఫ్ సంగతి నేను చూసుకుంటాను. క్లైడ్, ఇందాక చెప్పావే, బండి ఊరి బయట ఆపొచ్చని. కోర్టుకి పిలిస్తే ఆ మాట మళ్ళీ చెప్తావా?"

"నన్ను పిలవడమే వాళ్ళకి ఇష్టం లేదుగా."

"చెప్తావా, చెప్పవా?"

"ప్రమాణం చేయించి అడిగితే అబద్ధమాడను. నాకూ నిద్ర పట్టాలిగా."

"సరే. మిస్ వెర్నా, అదిగో, గేటు దగ్గర ఊరు సగం పోగైంది. ఓర్టెగా కూడా ఉన్నాడు. లేవండి, నా భుజం పట్టుకోండి. నెమ్మదిగా. మోకాళ్ళు జాగ్రత్త."

"బేడీలు వెయ్యవా?"

"వేస్తాను. ముందు వేద్దామా, వెనక వేద్దామా?"

"ముందు. వాళ్ళకి కనబడాలి."

"చేతులు చాపండి. బిగుతుగా ఉంటే చెప్పండి. వెర్నా కూబియాక్, మెర్డన్ నగరం పేరు మీద మిమ్మల్ని అరెస్టు చేస్తున్నాను. మౌనంగా ఉండే హక్కు మీకుంది. దయచేసి దాన్ని వాడుకోకండి."